జల్లికి తలా ఒక మాత్ర

నొప్పి ఉన్న కుక్క అరుస్తుందని ఎవరో చెప్పారు, మనమంతా నమ్మేశాం. అరిచే కుక్క ఎంతో నయం, ఎవరో ఒకరు లేచి చూస్తారు. తమిళనాడులో, గుడియాత్తంలోనూ వేలూరులోనూ పశువుల డాక్టరుగా పనిచేసిన ఇన్నేళ్ళలో నేను చూసిన నొప్పిలో ఎక్కువ భాగం చప్పుడు చేయని నొప్పే. కుక్క గోడవైపు తిరిగి కూర్చుంటుంది. పడుకోబోతుంది, లేస్తుంది, మళ్ళీ పడుకోబోతుంది. ఎండ లేకపోయినా రొప్పుతుంది. పేరు పెట్టి పిలిస్తే పాపం తోక కూడా ఊపుతుంది, మర్యాద కోసం. అది చూసి డాక్టరు "బాగానే ఉంది, తీసుకుపోండి" అంటాడు.

ఆ మాట అన్న డాక్టర్లందరి మీదా నాకు కోపం ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా బదిలీలు, పదోన్నతులు మీకెందుకు, అవి చెప్పుకోవాలంటే నాకే విసుగు. ఒక కుక్కకు కాలు తీసేసిన సంగతి చెబుతాను. కోత గురించి కాదు, కోత మీకు కాలేజీలో నేర్పుతారు. కాలు తీశాక ఆ కుక్క ఇంటికి వెళ్తుంది చూడండి, అసలు కథ అక్కడ మొదలవుతుంది. చాలామంది డాక్టర్లకు అక్కడితో ముగుస్తుంది. కుట్లు వేశాం, చేతులు కడుక్కున్నాం, ఇంక వాళ్ళ ఖర్మ అనుకుంటారు.

ముందే చెబుతున్నాను, నాకు నోటిదురుసు ఎక్కువ. సర్వీసులో ఉన్నప్పుడు అందరూ చెప్పారు, రిటైరైతే తగ్గుతుందన్నారు. తగ్గలేదు.

పెద్ద డాక్టరు గారి సిద్ధాంతం

నేను వేలూరు ఆసుపత్రికి మారినప్పుడు అక్కడొక పెద్ద డాక్టరు గారు ఉండేవారు. పేరు చెప్పను. హస్తవాసి గొప్పది. ఈనలేక అల్లాడుతున్న ఆవు దగ్గరికి ఆయన వచ్చి నిలబడితే చాలు, రైతు ముఖంలో ప్రాణం లేచొచ్చేది. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది, కాదనను. కానీ నొప్పి విషయంలో ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది. ఆయన మాట్లాడేది తమిళం, నేను తెలుగులో రాస్తున్నాను.

"నొప్పి ఉండనీ అమ్మా. నొప్పి ఉంటేనే కదలకుండా పడుకుంటుంది. నొప్పి తీసేశావనుకో, గెంతులేస్తుంది, కుట్లు తెంచుకుంటుంది. దేవుడు పెట్టిన కాపలా అది. నువ్వెందుకు తీసేయడం?"

వార్డులో అందరూ తలలు ఊపారు. నేను ఊపలేదు.

"అయితే సార్, పోయిన వారం మీరు పన్ను పీకించుకున్నారు కదా. మత్తు సూది ఎందుకు వేయించుకున్నారు? గెంతుతారని భయం వేయలేదా?"

కాంపౌండరు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. పెద్ద డాక్టరు గారు చాలా రోజులు నాతో పని మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు. నాకేమీ నష్టం కాలేదు.

ఆ సిద్ధాంతం ఆయనొక్కరిదే అయితే ఇంత రాసేదాన్ని కాదు. చాలామంది పెద్దలు అదే చెప్పేవాళ్ళు, వాళ్ళకు వాళ్ళ పెద్దలు చెప్పారు. నిజానికి జరిగేది తలకిందులు. నొప్పి ఉన్న కుక్క నిద్రపోదు, తిండి తినదు. నొప్పి ఎక్కడుందో అక్కడే నాకుతుంది, కొరుకుతుంది, కుట్లు తెంచుకునేది అందుకే. తిండీ నిద్రా లేని ఒంటికి గాయం ఎక్కడ మానుతుంది? ప్రేమగా అన్నం పెట్టిన చేతినే కరుస్తుంది, "పిచ్చి పట్టింది" అని దాన్ని తరిమేస్తారు. కాపలా కాసే దేవుడు ఇలాంటి పనులు చేస్తాడా?

జల్లి

కంకరను మా వైపు జల్లి అంటారు. పళ్ళికొండ దగ్గర హైవే పక్కన ఒక లాడ్జి కడుతున్నారు, ఆ కంకర కుప్ప మీద పడుకోవడానికి ఎక్కడినుంచో ఒక కుక్క వచ్చింది. ఎర్రది, చెవులు నిటారుగా ఉండే మామూలు ఊరకుక్క. అక్కడ పనిచేసేది గుడియాత్తం నుంచి వచ్చిన తెలుగువాళ్ళ జట్టు, సెంట్రింగ్ పని వాళ్ళది. అంటే శ్లాబు పోయడానికి ముందు కింద ఇనుప రేకులు పరిచి, గుంజలు నిలబెట్టి, కాంక్రీటు గట్టిపడ్డాక అవన్నీ ఊడదీసే పని. రేకులను వాళ్ళు షీట్లంటారు. నడుములు విరిగే పని. వాళ్ళే కుక్కకు జల్లి అని పేరు పెట్టారు. లాడ్జి పని అయిపోయాక జట్టు ఇంకో చోటికి వెళ్తే జల్లి కూడా టెంపో ఎక్కింది. అప్పటినుంచి జట్టులో మనిషైపోయింది.

ఒకరోజు షీట్లు దించుతుంటే కట్ట జారింది. జల్లి ముందుకాలి మీద పడింది. మేస్త్రి మునుసామి దాన్ని సిమెంటు సంచి మీద పడుకోబెట్టి, గూడ్సు ఆటోలో వేలూరుకు తెచ్చాడు. ఎముక ముక్కలుముక్కలైంది, కింది భాగానికి రక్తం పారడం లేదు. చూడగానే తెలిసిపోయింది, ఈ కాలు దక్కదు.

పెద్ద డాక్టరు గారు ఒక్క చూపు చూశారు. "ఊరకుక్క. కాలు లేకుండా అది వీధిలో ఎలా బతుకుతుంది? సూది వేసి నిద్రపుచ్చేయ్. అదే దయ" అన్నారు.

మునుసామికి తమిళం బాగా వచ్చు, మాట మొత్తం అర్థమైంది. నా వైపు తిరిగి తెలుగులో అందుకున్నాడు. నేను గుడియాత్తం తెలుగుదాన్నని అతనికి తెలుసు.

"అమ్మా, అది వీధి కుక్క కాదు. మా జట్టుది. మేము యాడుంటే ఆడ ఉంటాది. మా జట్టు మునియప్ప కొడుకు గోడ మింద నుంచి పడినప్పుడు, మేము చూడకముందే అది చూసి మొరిగినాది. దాన్ని సంపమని నేను ఎట్ల చెప్పేది?"

"చంపొద్దప్పా. కాలు తీసేస్తాను. బతుకుతాది."

"మూడు కాళ్ళతో ఎట్ల నడుస్తాదమ్మా?"

"నువ్వు పరంజా మింద ఒక చేత్తో పట్టుకోని ఇంకో చేత్తో పని చెయ్యవా? దానికి ఇంకా మూడుండాయి."

పెద్ద డాక్టరు గారు చేతులు ఎత్తేశారు. "నీ ఇష్టం. చస్తే నీ పేరే చెబుతాను" అన్నారు. "బతికితే కూడా నా పేరే చెప్పండి సార్" అన్నాను. అంత పొగరు నాకు ఉండేది. ఉండబట్టే జల్లి టేబుల్ మీదికి ఎక్కింది.

కత్తి పెట్టకముందే

నొప్పికి మందు కోత తర్వాత ఇచ్చేది కాదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కోతకు ముందే మొదలుపెట్టాలి. ఒకసారి నొప్పి ఒళ్ళంతా పాకి వెన్నులో కూర్చుందంటే, తర్వాత ఎంత మందు పోసినా సగమే వింటుంది. ఆ కాలికి పోయే నరాల చుట్టూ మొద్దుబార్చే మందు వేసి, కాసేపు ఆగి, అప్పుడు కోయాలి. మత్తులో ఉంది కదా, దానికేం తెలుస్తుందని మీ పైవాళ్ళు అంటారు. నిద్రపోయేది మెదడు, నరం కాదు. కోసిన నరం వెన్నుకు కబురు పంపుతూనే ఉంటుంది. కుక్క లేచేసరికి ఆ కబుర్లన్నీ దాని కోసం కాచుకుని ఉంటాయి.

జల్లికి అలాగే చేశాను. మత్తు దిగేటప్పుడు పక్కనే కూర్చున్నాను. అది కళ్ళు తెరిచి, నన్ను చూసి, మునుసామిని చూసి, మళ్ళీ నిద్రపోయింది. కేక వేయలేదు, కాళ్ళు కొట్టుకోలేదు. మునుసామి గోడకు ఆనుకుని భుజం మీది తుండుతో ముఖం తుడుచుకున్నాడు. ఏడ్చాడు, అందులో దాచడానికేమీ లేదు.

ఇంటికి పంపేటప్పుడు మునుసామి భార్య దేశమ్మకు అన్నీ చేసి చూపించాను. ఇంట్లో నున్నటి రాళ్ళ గచ్చు, దాని మీద మూడు కాళ్ళ కుక్క జారుతుంది, అందుకని గోనెసంచులు పరచమన్నాను. లేచేటప్పుడు కడుపు కింద తుండు వేసి రెండు కొనలూ పైకి పట్టుకోవాలి. మొదట్లో గాయం చుట్టుపక్కల గుడ్డలో చుట్టిన ఐసు కాసేపు పెట్టాలి, నేరుగా చర్మానికి తగలకూడదు. మెట్లు ఎక్కనీయకూడదు. నేనిచ్చిన మందు అన్నం తిన్నాకే వేయాలి, తినకపోతే వేయకూడదు, నాకు చెప్పాలి. మందు వేసే చెయ్యి ఒకటే ఉండాలి.

"నా చెయ్యే అమ్మా. ఆయన చెయ్యి కూడా కాదు" అంది దేశమ్మ. ఆ మాట నిలబెట్టుకుంది కూడా. జట్టువాళ్ళందరికీ గట్టిగా చెప్పిందట, ఎవ్వరూ జల్లికి మందు పెట్టకూడదని. అందరూ సరేనన్నారు.

పరామర్శకు వచ్చినవాళ్ళు

సెంట్రింగ్ జట్లలో ఒక పద్ధతి ఉంది. మనిషి పడిపోతే మిగతావాళ్ళు ఒక్కొక్కరుగా చూడ్డానికి వెళ్తారు. వట్టి చేతులతో వెళ్ళరు. బన్నో, అరటిపండో, బ్రెడ్డో తీసుకెళ్తారు. దాంతోపాటు చొక్కా జేబులోంచి ఒక మాత్ర తీసి ఇస్తారు.

ఆ మాత్ర గురించి చెప్పాలి. శ్లాబు పోసిన రోజు సాయంకాలం వాళ్ళ ఒళ్ళు చితక్కొట్టినట్టు ఉంటుంది. మందుల షాపులో "ఒంటి వలికి ఇయ్యన్నా" అంటే చాలు. వలి అంటే నొప్పి, తమిళం మాటే అయినా మా ఊళ్ళో తెలుగువాళ్ళదీ అదే మాట. షాపువాడు పట్టీలోంచి కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తాడు. డైక్లోఫెనాక్ కావచ్చు, ఐబూప్రోఫెన్ కావచ్చు, రెండు మూడు కలిపినది కావచ్చు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పడుతుంది. "నాది బాగా కేక్తుంది, ఇది వేసుకో" అని పక్కవాడికి ఇచ్చుకోవడం టీ ఇప్పించినంత మామూలు. కేక్తుందంటే పనిచేస్తుందని. తన మాత్ర ఇంకొకరికి ఇచ్చాడంటే, ఆ మనిషి అతనికి కావలసినవాడని అర్థం.

జల్లి జట్టులో మనిషి. పడిపోయింది. అందరూ చూడ్డానికి వచ్చారు.

పని దిగాక ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. దేశమ్మ వాళ్ళకు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళేది. ఆలోపు వచ్చినవాడు జల్లి తల నిమిరి, బన్ను తుంచి, అందులో తన మాత్ర పెట్టి తినిపించేవాడు. వచ్చిన ప్రతివాడూ అదే చేశాడు. ముందు వచ్చినవాడు పెట్టాడని తర్వాత వచ్చినవాడికి తెలియదు. నేనిచ్చిన మందు పైన ఇవన్నీ.

దేశమ్మ, మునుసామి జల్లిని మళ్ళీ ఆటోలో తెచ్చిన రోజు ఆదివారం. జట్టంతా వెనకాలే వచ్చి గేటు దగ్గర నిలబడింది.

"వాంతి చేసుకుంటా ఉండాదమ్మా. అన్నం ముట్టలే. ఎనకాల నల్లగా పోతా ఉండాది, తారు మాదిరి" అంది దేశమ్మ.

చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. ఉచ్చ ఎప్పుడు పోసిందో దేశమ్మకు గుర్తులేదు. కడుపులో పుండు పడి రక్తం కారుతోంది, కిడ్నీలు మొరాయిస్తున్నాయి. ఇది నేనిచ్చిన మందుతో ఇంత తొందరగా అయ్యేది కాదు. గేటు దగ్గరికి వెళ్ళాను.

"దీనికి ఎవురు మాత్ర పెట్టినారు?"

జట్టు ఒక అడుగు వెనక్కి వేసింది.

"తిట్టను. తిట్టే తీరిక లేదు నాకు. ఏం తినిందో తెలిస్తే బతికించే దారి చూస్తాను. తెలియకపోతే అది సచ్చిపోతాది."

జట్టులో అందరికంటే పెద్దవాడు చెంగల్రాయుడు. తల నెరిసిపోయిన మనిషి. జేబులోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. "ఇదమ్మా. నేను వేసుకునేదే. పావం కదా అని ఒకటి పెట్టినాను."

ఆ పక్కనున్నవాడు తలెత్తాడు. "నువ్వు కూడానా అన్నా? నేనొక్కడే పెట్టినాననుకున్నానే!" ఇంకొకడు తన జేబులో చెయ్యి పెట్టాడు. అటుపక్క ఇంకొకడు. నా అరచేతిలో రంగురంగుల మాత్రలు చేరాయి.

దేశమ్మ కేకలేసింది. "మందు పెట్టొద్దని చెప్పితిని కదరా! సరే అక్కా అంటిరే!"

చెంగల్రాయుడు నిజంగానే అర్థంకాక చూశాడు. "ఇది మందా తల్లీ? ఇది దినామూ వేసుకునేదే కదా."

ఈ కథ చెప్పినప్పుడు ఒక కుర్ర డాక్టరు నన్ను అడిగాడు, "మీరు ముందే ఊహించి ఉండాలి కదా మేడమ్?" అని. లేదు బాబూ, జట్టు జట్టంతా వచ్చి కుక్కను మనిషిలా పరామర్శిస్తుందని ఎవరూ ఊహించరు. దానికి నేను క్షమాపణ చెప్పను. కానీ నేనిప్పుడు మీకు చెప్పేశాను. ఇక నుంచి ఊహించకపోతే తప్పు మీదే.

ఆపేది ఏది, ఆపకూడనిది ఏది

పెద్ద డాక్టరు గారు ఆదివారమైనా వచ్చారు. నా చేతిలో మాత్రలు చూశారు, జల్లిని చూశారు.

"చూశావా? నొప్పిమందు, నొప్పిమందు అని అలవాటు చేసింది నువ్వు. నువ్వు మొదలుపెట్టావు, ఈ మూర్ఖులు ముగించారు. అన్నీ ఆపేయ్. ఇప్పటికైనా సూది వేసి దాని బాధ తీర్చు."

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో అన్న మాటలు ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

"మూర్ఖులు వీళ్ళు కాదు సార్. ఇన్నేళ్ళుగా మనం కుక్కల్ని కోసి, కుట్లు వేసి, నొప్పికి ఏమీ ఇవ్వకుండా ఇంటికి పంపాం. నొప్పి సంగతి ఇంటివాళ్ళే చూసుకోవాలని మనమే నేర్పాం. వాళ్ళకు తెలిసిన మాత్ర వాళ్ళు పెట్టారు. కుక్కకు నొప్పి ఉందని నమ్మినవాళ్ళు వాళ్ళు. నమ్మనిది మనం."

ఆయన ముఖం మాడ్చుకుని గదిలోకి వెళ్ళిపోయారు. నేను పనిలో పడ్డాను.

నొప్పిమందులంటే అన్నీ ఒకటి కాదు. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి వాపును తగ్గిస్తాయి, కానీ కుక్క కడుపు పొరను తింటాయి, కిడ్నీని ఎండబెడతాయి. కుక్కకు పనికొచ్చే మందులు ఆ కుటుంబంలోనే కొన్ని ఉన్నాయి, నేను మొదట ఇచ్చింది అలాంటిదే. కానీ ఆ కుటుంబానివి రెండు ఒకే కడుపులో కలవకూడదు. అందుకని నాది కూడా ఆపేశాను. సెలైను ఎక్కించి కిడ్నీలను కడిగాను, కడుపు పుండుకు మందులు వేశాను.

కానీ నొప్పికి వైద్యం మాత్రం ఆపలేదు. నల్లమందు జాతిది ఒకటి ఉంది, దానికి కడుపుతో గొడవ లేదు, అది సూదిలో ఇచ్చాను. జల్లికి ఇంకో రకం నొప్పి కూడా మొదలైంది. ఉన్నట్టుండి ఉలిక్కిపడి, కాలు లేని చోటికి తల తిప్పి చూసేది. అక్కడ ఏమీ లేదు. లేని కాలే నొప్పి పుడుతుంది. కోసిన నరం చేసే పని అది, దానికి వేరే మందు. కిడ్నీ అంతంతమాత్రంగా ఉంది కాబట్టి దాన్ని తగ్గించి ఇచ్చాను. ప్రాణం మీదికొచ్చిన కుక్కకు నొప్పి ఒక లెక్కా అని అనేవాళ్ళు ఉంటారు. ప్రాణం మీదికొచ్చినప్పుడు నొప్పి తగ్గిపోతుందని వాళ్ళకెవరు చెప్పారో నాకు తెలియదు.

ఇంక మిగిలింది ఒకటే, ఉచ్చ. కిడ్నీలు పనిచేస్తున్నాయా లేదా అనేది దాంతోనే తెలుస్తుంది. జట్టంతా వేపచెట్టు కింద కూర్చుంది, ఎవ్వరూ ఇంటికి పోలేదు. మేకలు తెచ్చినవాళ్ళు, కోళ్ళ గంపలు తెచ్చినవాళ్ళు వీళ్ళెవరా అని చూసి వెళ్తున్నారు. నేను గడపలోకి వచ్చినప్పుడల్లా అన్ని ముఖాలూ లేచేవి, నేను అడ్డంగా తల ఊపేదాన్ని.

పొద్దు వాలుతుండగా దేశమ్మ తుండు వేసి జల్లిని లేపి నిలబెట్టింది. జల్లి కాసేపు వణికింది. తర్వాత వరండా గచ్చు మీద, పెద్ద డాక్టరు గారి గది ముందే పోసింది. ధారగా, ఎంతోసేపు పోసింది. మునుసామి కేక వేశాడు. చెట్టు కింద జట్టంతా లేచి చప్పట్లు కొట్టింది. చెంగల్రాయుడు ఆకాశం వైపు దండం పెట్టాడు. పెద్ద డాక్టరు గారు తలుపు తీసి, గచ్చు చూసి, మమ్మల్ని చూసి, "తుడిపించండి" అని మళ్ళీ తలుపేసుకున్నారు. సూది మాట ఆ తర్వాత ఎత్తలేదు.

మీకు నేను చెప్పేది

కాలు తీసిన కుక్కను ఇంటికి పంపేటప్పుడు "మందు పెట్టొద్దు" అని చెప్పకండి. మందు అంటే వాళ్ళ లెక్కలో ఏమిటో మీకు తెలియదు. "మీ ఇంట్లో ఒంటినొప్పికి ఏం వేసుకుంటారు, తీసి చూపించండి" అని అడగండి. చూపించాక, ఇది కుక్కను చంపుతుంది అని ఆ మాత్రను చూపించే చెప్పండి. పారాసిటమాల్ చిన్నపిల్లలకు కూడా ఇస్తాం కదా అంటారు, అది కూడా మీరు చెప్పకుండా ఇవ్వకూడదని చెప్పండి. వాంతి, నల్లని విరేచనం, అన్నం మానేయడం, ఉచ్చ తగ్గడం, వీటిలో ఏది కనిపించినా మందు ఆపి అప్పుడే తీసుకురమ్మనండి. చూడ్డానికి ఎవరెవరు వస్తారో అడగండి, వాళ్ళనూ పిలిచి చెప్పండి. కుక్క అరవకపోతే నొప్పి లేదని మాత్రం అనకండి.

అన్నిటికంటే ముందు, సరిపడా నొప్పిమందు మీరే ఇచ్చి పంపండి. మీరు ఇవ్వకపోతే ఎవరో ఒకరు ఇస్తారు. అది ప్రేమ, దాన్ని మీరు ఆపలేరు, ఆపనూ కూడదు.

మునుసామి అడిగింది

జల్లి మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ తిరగడం మొదలుపెట్టింది. కుట్లు విప్పించడానికి మునుసామి, చెంగల్రాయుడు తీసుకొచ్చారు. విప్పేశాను. పని అయిపోయింది, అయినా వాళ్ళు కదల్లేదు.

"అమ్మా, ఒకటి అడగల్ల" అన్నాడు మునుసామి.

"అడుగప్పా."

"ఆ మాత్ర దాని కడుపును కోసినాది అన్నారు. అది తినింది కొన్నాళ్ళే. మేము ఎన్నేండ్లుగానో తింటా ఉండాము. మా కడుపు ఏమై ఉంటాది?"

పక్క బల్ల దగ్గర పెద్ద డాక్టరు గారు రాస్తున్న కలం ఆపారు. నా వైపు చూసి, వద్దన్నట్టు కళ్ళతోనే సైగ చేశారు. నిజమే, నేను పశువుల డాక్టరును. మనిషికి ఒక్క చుక్క మందు చెప్పే హక్కు నాకు లేదు.

చెప్పాను. "దానికి బిరబిరా చేసింది, మీకు మెల్లగా చేస్తాది. కడుపు, కిడ్నీ, రెండూ. అందురూ పోయి రక్తం చూపించుకోండి."

జట్టులో చాలామంది నవ్వేసి ఊరుకున్నారని తర్వాత తెలిసింది. చెంగల్రాయుడు నవ్వలేదు, సాయంకాలమైతే అతనికి కాళ్ళు వాచేవి. ఆసుపత్రికి వెళ్ళాడు. కిడ్నీలు దెబ్బతినడం మొదలైందని, ఆ మాత్ర ఇంక ముట్టుకోవద్దని అక్కడి డాక్టరు చెప్పాడు. చెంగల్రాయుడు మానేశాడు. కొన్నాళ్ళకు మా ఆసుపత్రిలో, మేకలు పట్టుకున్నవాళ్ళ వరుసలో వచ్చి నిలబడ్డాడు. మునుసామి తోడు వచ్చాడు.

"మాత్ర మానేసినానమ్మా. వలి మానలేదే. దాన్ని ఏమి చేసేది?"

కుక్కకు ఒక మందు ఆపి ఇంకో మందు ఇచ్చాను, మెత్తటి పడక వేయించాను, తుండు పట్టించాను, మెట్లు ఎక్కనీయొద్దన్నాను. అందరూ విన్నారు. ఈ మనిషికి మాత్ర మానమని మాత్రమే చెప్పారు. పొద్దునే లేచి షీట్లు మోయడానికే వెళ్తున్నాడు. మునుసామి మీద విరుచుకుపడ్డాను.

"జల్లిని మెట్లు ఎక్కనీయకుండా ఎత్తుకోని తిప్పినారా లేదా?"

"తిప్పినామమ్మా."

"ఈయన్ను కూడా పరంజా ఎక్కనీయొద్దు. షీటు ముట్టనీయొద్దు. కింద కూచోని మేకులు సరిచేస్తాడు, శ్లాబుకు నీళ్ళు పోస్తాడు. పనిలో నుంచి తీసేసినావంటే నీ సంగతి చూస్తాను. వలికి ఏ మందు వేసుకోవల్లనో ఆ డాక్టర్నే మళ్ళా అడగండి, నువ్వే తోడు పోయి అడుగు."

"సరేమ్మా. ఇంజినీరు అడిగితే? ఏ డాక్టరు చెప్పినారంటే ఏమని చెప్పేది?"

"కుక్కల డాక్టరు చెప్పిందని చెప్పు."

చెంగల్రాయుడు పగలబడి నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. పెద్ద డాక్టరు గారు అన్నీ విన్నారు, ఈసారి సైగ చేయలేదు. నా సర్వీసు మొత్తంలో నేను చేసిన వైద్యాల్లో చట్టప్రకారం చెల్లనిది అదొక్కటే. చెంగల్రాయుడు ఆ తర్వాత షీటు మోయలేదు.